పేక కట్టతో ఒంటరిగా కథ ఆడటం ఎలా: ఒక నీరుగంటి డైరీ

పేక ముక్కలంటే మన ఇళ్ళలో గుర్తొచ్చేది రమ్మీ, పండగ రాత్రుళ్ళు, పందేలు, ఆ పందేల వెనక పెద్దవాళ్ళ తిట్లు. ఇక్కడ చెప్పబోయే ఆటలో ఎదుటి మనిషి ఉండడు, పందెమూ ఉండదు. ఒక కట్ట, ఒక నోట్‌బుక్, ఒక పెన్ను చాలు. మీరు ఇంకో మనిషిగా మారి ఆ మనిషి డైరీ రాస్తారు. ఆ మనిషికి ఏం జరగాలో మీ చేతిలో ఉండదు, తీసిన ముక్క చెబుతుంది. జరిగినదాన్ని ఆ మనిషి ఎలా భరించాడు, ఎవరితో చెప్పుకున్నాడు, ఏది దాచుకున్నాడు అన్నది మాత్రం పూర్తిగా మీది. దీన్ని సోలో జర్నలింగ్ ఆర్పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్) అంటారు, అంటే ఒక్కరే ఒక పాత్రగా మారి డైరీ రాస్తూ ఆడే ఆట.

ఇంగ్లీషులో ఇలాంటి ఆటలు చాలా ఉన్నాయి. ఏవరీ ఆల్డర్ 2013లో తెచ్చిన ‘ది క్వయిట్ ఇయర్’ ఇద్దరి నుంచి నలుగురి దాకా కూర్చుని ఆడేదే అయినా దాని లెక్క తెలుసుకోవాలి. 52 ముక్కలు ఏడాదిలో 52 వారాలు, ఒక్కో గుర్తు ఒక్కో రుతువు, ఇస్పేటు రాజు పడిన క్షణాన ఆట ఆగిపోతుంది. ఒక్కరే ఆడేవాటిలో క్రిస్ బిసెట్ 2020లో రాసిన ‘ది రెచెడ్’కు పేరుంది. అందులో పాడైన అంతరిక్ష నౌకలో ఒక్కరే మిగిలి ఉంటారు, కట్టతో పాటు పాచిక, చెక్క ముక్కలు పేర్చిన గోపురం (జెంగా) కావాలి. ఇవి మంచి ఆటలు. కానీ అంతరిక్ష నౌక గురించి తెలుగులో డైరీ రాయమంటే చాలామందికి చేయి సినిమా డబ్బింగ్ వైపు వెళ్ళిపోతుంది. మనం రోజూ నడిచే నేల మీద కథ పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఇంట్లో మాట్లాడే మాటలే వాక్యాల్లోకి వస్తాయి. అందుకే నా సలహా ఒకటే: ఆట పద్ధతి వాళ్ళ దగ్గర నేర్చుకోండి, ముక్కల అర్థాలు మాత్రం మీరే రాసుకోండి.

బెంగుళూరులో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం ఒక ఆట కట్టి, అది ఎలా ఆడాలో మొదటి నుంచి చివరిదాకా చెబుతాను. ఇది ఒకసారి ఆడాక మీ సొంతది కట్టుకోవడం తేలిక.

కావలసినవి

ప్లాస్టిక్ పూత ఉన్న మామూలు పేక కట్ట ఒకటి. రెండు జోకర్లనూ పారేయకండి, వాటికి పని ఉంది. ఎనిమిది చింతపిక్కలు, ఒక చిన్న గిన్నె. చింతపిక్కలు లేకపోతే గవ్వలు, బఠానీలు, చొక్కా గుండీలు ఏవైనా సరే.

నోట్‌బుక్ గీతలు ఉన్నది తీసుకోండి. అవెన్యూ రోడ్డులో హోల్‌సేల్ కొట్ల వరస ఉంది కదా, అక్కడ దొరికే మామూలు లాంగ్ బుక్ దీనికి బాగా కుదురుతుంది. తోలు అట్ట ఉన్న ఖరీదైన డైరీ వద్దు. అందంగా ఉన్న పుస్తకంలో మనం జాగ్రత్తగా రాస్తాం, ఈ ఆటకు జాగ్రత్త పనికిరాదు.

ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు రాయడం అలవాటు తప్పినవాళ్ళు ఫోన్లో వాయిస్ రికార్డింగ్ పెట్టుకుని, ముక్క తీసి మాట్లాడండి. డైరీ చెప్పడమూ డైరీయే. కొన్ని పాత్రలకైతే గొంతే బాగుంటుంది.

చోటు సంగతి. పీజీ గదిలో మంచం మీద దుప్పటి సర్దుకుంటే సరిపోతుంది. కబ్బన్ పార్కులో చెట్టు కింద ఆడాలన్న ఆలోచన అందరికీ వస్తుంది గానీ గాలికి ముక్కలు నిలవవు. బయటికి వెళ్ళే రోజైతే ఇంట్లోనే ఒక ముక్క తీసి చూసుకుని, దాని గురించి మెట్రోలో కూర్చుని రాయండి. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా ఉన్న దూరానికి ఒక ముక్క హాయిగా సరిపోతుంది.

మీరు ఎవరు

ఈ ఆటలో మీరు నీరుగంటి. ఊరి చెరువు తూము తెరిచి, ఏ పొలానికి ఎన్ని నీళ్ళు, ఏ వంతు ఎవరిది అని చూసి పారించే మనిషి. కోతలయ్యాక ఊరివాళ్ళు ధాన్యంలో కొంత కొలిచి ఇచ్చేవాళ్ళు, అదే జీతం. కోలారు వైపు, బెంగుళూరు చుట్టుపక్కల, మన రాయలసీమలో కూడా ఈ పని తరతరాలుగా కుటుంబాల్లో నడిచింది. చాలా ఊళ్ళలో ఇది దళిత కుటుంబాల పని. ఊరందరి పొలాలకూ నీళ్ళు పంచే మనిషిని అదే ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజులవి. దాన్ని పక్కన పెట్టి రాస్తే డైరీ అబద్ధమవుతుంది. కాబట్టి కూర్చునే ముందే ఇది మనసులో పెట్టుకోండి.

చెరువు ఎక్కడుందో మీ ఇష్టం. నేనైతే మారతహళ్ళి, వర్తూరు మధ్య ఎక్కడో పేరులేని చిన్న చెరువు ఊహించుకోమంటాను, ఎందుకంటే అక్కడ నేల కథే కావలసినంత ఉంది. బెంగుళూరును ఆనుకుని పెద్ద నది లేదు. నగరం బతికింది కట్ట పోసి నిలిపిన చెరువుల మీద. పై చెరువు నిండితే మిగులు నీళ్ళు రాజకాలువల్లోంచి కింది చెరువుకు దిగేవి. బెల్లందూరు నీళ్ళు వర్తూరుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకిని నదికి. 1890లలో హెసరఘట్ట నుంచి నగరానికి పైపుల నీళ్ళు మొదలయ్యాయి, 1974లో కావేరి వచ్చింది. చెరువు అవసరం తగ్గేకొద్దీ దాని మీద చూపు మారింది. ఇప్పుడు మనం ఊరికి బస్సెక్కే మెజెస్టిక్ ఒకప్పటి ధర్మాంబుధి చెరువు అడుగున ఉంది. కంఠీరవ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువులో ఉంది. బెల్లందూరు చెరువైతే 2017లో మంటలంటుకుని పొగలు కక్కింది.

ఇవన్నీ డైరీలో రాయాలని చెప్పడం లేదు. తెలిసి ఉంటే చాలు, ముక్క పడినప్పుడు అవే అందుతాయి.

కట్టను సిద్ధం చేయడం

జోకర్లు రెండూ తీసి పక్కన పెట్టండి. నలుగురు రాజుల్ని కూడా విడదీయండి. మిగిలిన 48 ముక్కల్ని బాగా కలపండి. రెండు సగాలు చేసి ముక్కల్లోకి ముక్కలు దిగేలా కలిపే పద్ధతిలో ఏడుసార్లు కలిపితే కట్ట సరిగ్గా చెదురుతుందని బేయర్, డయాకోనిస్ అనే గణిత శాస్త్రవేత్తలు 1992లో చూపించారు. ఆ ఏడుసార్లూ కలపండి. 48 ముక్కలు ఎన్ని వరసల్లో పడొచ్చో లెక్కేస్తే వచ్చే సంఖ్యకు 62 అంకెలు ఉంటాయి. అంటే మీ చేతిలో ఇప్పుడున్న వరస ఇంతకు ముందు ప్రపంచంలో ఎవరి చేతిలోనూ పడి ఉండకపోవడం దాదాపు ఖాయం. అది తలుచుకుని కలిపితే చేతికి కొంచెం శ్రద్ధ వస్తుంది.

తర్వాత 48 ముక్కల్ని పన్నెండేసి చొప్పున నాలుగు కుప్పలు పెట్టండి. ఒక్కో కుప్పలో ఒక్కో రాజును చూడకుండా దూర్చి, మళ్ళీ కలపండి. ఇప్పుడు ఒక్కో కుప్పలో 13 ముక్కలు, ఎక్కడో ఒక రాజు.

ఒక్కో కుప్ప ఒక తరం. మొదటిది 1890ల నాటి నీరుగంటి, రెండోది 1940ల్లో కొడుకో మనవడో, మూడోది 1980లు, నాలుగోది 2020లు. నాలుగో తరానికి వచ్చేసరికి మీరు నీరుగంటిగా ఉండకపోవచ్చు. క్యాబ్ నడుపుతూ ఉండొచ్చు, టెస్టింగ్ ఉద్యోగం చేస్తూ ఉండొచ్చు. అది ఆట చెబుతుంది.

రాజు పడగానే ఆ తరం ముగుస్తుంది. ఆ కుప్పలో మిగిలిన ముక్కల్ని తెరవకుండా పక్కన పెట్టేయాలి. అవి ఆ మనిషి చెప్పకుండా వెళ్ళిపోయిన సంగతులు. వాటిని తిప్పి చూడాలని చాలా అనిపిస్తుంది, చూడకండి. ఈ ఆటలో నాకు ఎక్కువ ఇష్టమైన నియమం ఇదే.

రాజు సగటున ఏడో ముక్కగా వస్తాడు. అంటే నాలుగు తరాలకూ కలిపి 28 ముక్కల దగ్గర ఆట ముగియొచ్చు. ముక్కకు ఏడు నిమిషాలు వేసుకుంటే మూడు గంటల పైచిలుకు. ఒకే రాత్రి కూర్చోకండి. వారానికి ఒక తరం చొప్పున నాలుగు ఆదివారాలు పెట్టుకుంటే మధ్యలో ఆ మనుషులు మీ వెంటే తిరుగుతారు. ఒక్కోసారి మొదటి ముక్కే రాజు పడుతుంది. అప్పుడు ఆ తరానికి ఒకే ఒక్క పేజీ. మళ్ళీ కలపాలనిపించినా కలపకండి. చిన్న వయసులో పోయినవాళ్ళు అన్ని ఇళ్ళలోనూ ఉన్నారు.

ముక్కకు అర్థం

గుర్తు చూస్తే ఏ వైపు సంగతో తెలుస్తుంది. అంకె చూస్తే ఎంత బరువో తెలుస్తుంది.

ఆటీను: ఇంటి మనుషులు, చుట్టాలు, స్నేహాలు, పెళ్ళిళ్ళు, చావులు.
కళావరు: పొలం, పశువులు, చేపలు, చెట్లు, చెరువుకు వచ్చే కొంగలు.
డైమండ్: డబ్బు, భూమి, కాగితాలు, కొలతలు, అధికారులు.
ఇస్పేటు: నీళ్ళు. వాన, ఎండ, గండి, పూడిక, మురుగు.

ఆసు పడితే ఏదో మొదలైంది. 2 నుంచి 4 దాకా రోజువారీ చిన్న సంగతి. 5, 6, 7 పడితే మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి, తీసుకున్నది రాయాలి. 8, 9, 10 పోగొట్టుకోవడం. జాకీ పడితే కొత్త మనిషి వచ్చాడు. రాణి పడితే ఎన్నాళ్ళుగానో దాచిన మాట ఎవరో బయటపెట్టారు. రాజు గురించి చెప్పాను, అతని గుర్తును బట్టి ఆ తరం ఎలా ముగిసిందో రాయండి.

ఈ రెండూ కలిస్తే ప్రతి ముక్కా ఒక ప్రశ్న అవుతుంది. కళావరు 8 అంటే పశువో పంటో పోయింది. డైమండ్ రాణి అంటే భూమి సంగతిలో ఎవరో నిజం చెప్పేశారు. పట్టిక ఇంతే, పేజీలు తిప్పనక్కర్లేదు.

వీలుంటే మొదటిసారి ఆడే ముందు ఓ పది ముక్కలకు సొంత ప్రశ్నలు రాసి పెట్టుకోండి. ప్రశ్న ఎలా రాయాలన్నది ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన పని, అందుకని కొంచెం ఆగి చెబుతాను. “చెరువు ఎండిపోయింది” అని రాసుకుంటే ముక్క పడినప్పుడు మీరు ఎండిన చెరువును వర్ణిస్తారు. నెర్రెలు, కొంగలు, వేడిగాలి. రెండు వాక్యాల్లో అయిపోతుంది, పైగా అవి ఎవరైనా రాయగలిగిన వాక్యాలు. అదే “చెరువు ఎండిన ఏడు ఊరు వదిలిన మొదటి ఇల్లు ఎవరిది? వెళ్ళేటప్పుడు నీ దగ్గర ఏం దాచి వెళ్ళారు?” అని రాసుకుంటే ఒక పేరు కావాలి, ఒక వస్తువు కావాలి, ఆ వస్తువు ఇంకా మీ దగ్గరే ఉందా అన్నది తేల్చుకోవాలి. మంచి ప్రశ్న జరిగిపోయినదాని గురించి అడుగుతుంది, ఒక మనిషినో వస్తువునో అందులో పెడుతుంది, జవాబును మాత్రం ఖాళీగా వదులుతుంది. “నీకు ఎలా అనిపించింది?” అన్న ప్రశ్న ఎప్పుడూ రాయకండి. దానికి జవాబుగా బాధ, ఆనందం అనే మాటలు తప్ప ఇంకేవీ రావు.

చింతపిక్కలు

గిన్నెలో వేసిన ఎనిమిది పిక్కలూ చెరువులో నీళ్ళు. ఇస్పేటు పడిన ప్రతిసారీ ఒక పిక్క తీసేయండి. ఆ ఇస్పేటు 8, 9, 10 అయితే రెండు. డైమండ్ 8, 9, 10 కూడా ఒక పిక్క తీసుకుపోతాయి, ఎందుకంటే చెరువుల్ని కాగితాలు కూడా మింగాయి. ఏ గుర్తు ఆసు పడినా ఒకటి తిరిగి వేయండి, ఇస్పేటు ఆసుతో సహా. రాజులు పిక్కల జోలికి రారు. సగటు లెక్క ప్రకారం ఆట ముగిసేసరికి ఒకటో రెండో మిగులుతాయి, అంటే ఏ క్షణంలోనైనా గిన్నె ఖాళీ కావచ్చు.

గిన్నె ఖాళీ అయితే చెరువు లేనట్టే. ఆట మాత్రం ఆగదు. అప్పటి నుంచి ఇస్పేటు అర్థం మారుతుంది: తన పాత చోటు వెతుక్కుంటూ వచ్చిన నీళ్ళు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఆఫీసులకు జనం ట్రాక్టర్ల మీద వెళ్ళిన వారం చూసినవాళ్ళకు నేను ఇంకేం చెప్పనక్కర్లేదు.

ఆడటం

మొదటి కుప్ప ముందు పెట్టుకోండి. ముక్క తీసే ముందు నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయండి: మీ పేరు, ఇంట్లో మీతో ఉన్న ఒక మనిషి, మీరు ఎవరికీ ఇవ్వని ఒక వస్తువు. అంతకు మించి పాత్ర గురించి ముందే ఆలోచించకండి. పై ముక్క తీయండి. పిక్కల లెక్క చూసుకోండి. రాయండి. అయిదు వాక్యాలు దాటకపోతే మంచిది. కొట్టేసి మళ్ళీ రాయడం లేదు, ముక్క నచ్చలేదని ఇంకొకటి తీయడం లేదు.

తారీఖు ఇంగ్లీషు క్యాలెండర్‌లో వేయకండి. రాగుల కోత అయిన మర్నాడు, కరగ ఉత్సవం జరిగిన వారం, కావేరి పైపు వేసిన ఏడాది అని వేస్తే కాలం దానంతటదే కనిపిస్తుంది.

మొదటి తరం ఎలా సాగొచ్చో ఒక నమూనా.

ఆటీను 3 పడింది. ఇంటి మనుషులు, చిన్న సంగతి.

*అవ్వ ఈరోజు తూము దగ్గరికి సంగటి తెచ్చింది. ఎప్పుడూ నాయన కోసం తెచ్చేది. నాయన మంచం పట్టి నెల దాటింది. ముద్ద నా చేతిలో పెట్టి, చెరువు వైపు చూస్తూ, “ఉప్పు సరిపోయిందా” అని అడిగింది. నాయన్ని ఎప్పుడూ అలా అడగలేదు.*

ఇస్పేటు 9. నీళ్ళలో పెద్ద నష్టం, రెండు పిక్కలు పోయాయి, ఆరు మిగిలాయి.

*కట్టకు తూర్పున గండి పడింది. రాత్రంతా ఊరు మట్టి తట్టలు మోసింది, ఆ రాత్రికి ఎవరూ ఎవరినీ తాకొద్దనలేదు. తెల్లారేసరికి గండి పూడింది గానీ సగం నీళ్ళు కింది చెరువుకు వెళ్ళిపోయాయి. కింది ఊరివాళ్ళు ఎదురై పలకరించారు. నవ్వలేదు, అది వాళ్ళ మర్యాద.*

డైమండ్ జాకీ. కాగితాల వైపు నుంచి కొత్త మనిషి.

*గొలుసు పట్టుకుని సర్వేకు ఒకాయన వచ్చాడు. చెరువు ఎంత ఉంటుందని అడిగాడు. ఏ నెలలో అని అడిగాను. ఆయన అది రాసుకోలేదు.*

ఇస్పేటు రాజు. తరం ముగిసింది, నీళ్ళ దగ్గరే.

*ఈసారి తూము బిరడా తీయడానికి నేను దిగలేదు. కొడుకు దిగాడు. గట్టు మీద నిలబడి వాడి తల పైకి వచ్చేదాకా లెక్కపెట్టాను. మా నాయన కూడా నా కోసం లెక్కపెట్టి ఉంటాడు.*

నాలుగు ముక్కలకే తరం అయిపోయింది. తొమ్మిది ముక్కలు తెరవకుండా పక్కకు వెళ్ళాయి. ఆ సర్వే ఆయన ఎవరో ఈ తరంలో తెలియదు. తర్వాతి తరంలో డైమండ్ ఏది పడినా ఆయన రాసుకున్న కొలత తిరిగొస్తుంది, మీరు పిలవకపోయినా. కథను ముందే అల్లుకుని కూర్చుంటే ఇలాంటిది దొరకదు. ముక్కకు లొంగినప్పుడే దొరుకుతుంది.

నాలుగో తరంలో, గిన్నె ఖాళీ అయ్యాక, ఇస్పేటు 5 పడిందనుకోండి. పాత చోటు వెతుక్కుంటూ వచ్చిన నీళ్ళు, ఒక నిర్ణయం.

*అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తున్నాయి. సెక్రటరీ సార్ మోటార్లు తెప్పిస్తున్నారు. ఏ గోడ కింద నుంచి వస్తున్నాయో నాకు తెలుసు, అవ్వ చూపించింది. చెబితే నీకెలా తెలుసని అడుగుతారు. వెళ్ళి ఆ గోడకు ఆనించి పెట్టిన బండ్లు ఒక్కొక్కటే పైకి తోసుకొచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.*

చేయి ఆగిపోతే

ముక్క తీసి పదినిమిషాలైనా ఏమీ తోచకపోతే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది జరిగినప్పుడు ఇంకెవరు చూశారు? నా చేతిలో ఏం ఉంది? ఆ రోజు అనాల్సి ఉండీ అనని మాట ఏది? మూడింటికీ జవాబు అక్కర్లేదు, ఒకటి దొరికితే పేజీ కదులుతుంది.

కొన్నిసార్లు కథలో అవును-కాదు తేలాల్సి వస్తుంది. సర్వే ఆయన మళ్ళీ వచ్చాడా? నాయన బతికాడా? అది మీరే తేల్చేయొద్దు. ఇప్పటికే తీసి ఆడేసిన ముక్కల్ని కలిపి వాటిలోంచి ఒకటి తీయండి. ఎరుపు అవును, నలుపు కాదు. ఆసు నుంచి 5 లోపు అంకె పడితే జవాబుకు ఒక మెలిక తగిలించండి: అవును గానీ, కాదు గానీ. ఆడేసిన ముక్కలు కనీసం నాలుగైదు ఉన్నాకే ఈ ప్రశ్నలు మొదలుపెట్టండి. ఒక పేజీకి ఒక ప్రశ్నే. ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ పోతే అది జాతకం చూపించుకోవడమే అవుతుంది, రాయడం మిగలదు.

జోకర్లు ఎందుకు

ఒంటరిగా ఆడే ఆటలో పక్కన ఎవరూ ఉండరు. కొన్ని ముక్కలు మీ సొంత ఇంట్లో ఇటీవల జరిగినదాన్ని తాకుతాయి. ఆటీను 9 పడిన వారం ఊర్లో అమ్మమ్మకు బాగోలేదని ఫోన్ వచ్చి ఉండొచ్చు. అప్పుడు ధైర్యంగా రాయాల్సిన పని లేదు. జోకర్ తీసి ఆ ముక్క మీద పెట్టండి, రెండూ కలిపి తిప్పేయండి. పిక్కల లెక్క కూడా వద్దు. డైరీలో ఒకే వాక్యం రాయండి: “ఆ రోజు గురించి రాయను.” తర్వాతి ముక్కకు వెళ్ళండి. ఆట మొత్తానికి ఇలాంటివి రెండు ఉన్నాయి. రెండూ వాడుకున్నాక మూడోసారి అవసరం పడితే ఆ రోజుకు నోట్‌బుక్ మూసేయండి. కుప్పలు రబ్బరు బ్యాండ్లు వేసి దాచుకుంటే వచ్చే వారం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. కొంతమంది సరిగ్గా తాకిన ముక్క దగ్గరే ఆగి ఎక్కువ రాస్తారు, రాశాక తేలికపడతారు. ఏది మీకు కుదురుతుందో ఆ రాత్రి మీకే తెలుస్తుంది. ముందే నియమం పెట్టుకోకండి.

మీ సొంత ఆట

నాలుగు తరాలూ ముగిశాక కొత్త పట్టిక రాసుకోవడానికి ఒక సాయంత్రం చాలు. నాలుగు వైపులు దొరికే ఏ బతుకైనా సరిపోతుంది.

మారతహళ్ళిలో ఆంధ్రా మెస్ నడిపే ఆవిడ డైరీ తీసుకోండి. ఇస్పేటు ట్యాంకర్ నీళ్ళు, గ్యాసు, కరెంటు. కళావరు బియ్యం, కూరగాయలు, గోంగూర దొరకడం దొరకకపోవడం. డైమండ్ అద్దె, ఖాతా పుస్తకం, బాకీలు. ఆటీను తినడానికి వచ్చే పిల్లలు, వంటవాళ్ళు. కుప్పకు ఒక ఏడాది. రాజు పడితే ఎన్నాళ్ళుగానో తింటున్న ఎవరో ఊరు మారి వెళ్ళిపోయారు. పిక్కలు వంటగదిలో ఆవిడ నిలబడగలిగిన ఓపిక.

లేదా కెంపేగౌడల కాలంలో కట్టారని చెప్పుకునే నాలుగు కావలి గోపురాలు తీసుకోండి: లాల్‌బాగ్ బండ మీద ఒకటి, అలసూరు చెరువు దగ్గర ఒకటి, కెంపాంబుధి చెరువు దగ్గర ఒకటి, మేఖ్రీ సర్కిల్ దగ్గర ఒకటి. కుప్పకు ఒక గోపురం, గోపురానికి ఒక కావలివాడు. నలుగురూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు. ఇందులో కుప్పల్ని ఒకదాని తర్వాత ఒకటి ముగించకుండా, వరసగా ఒక్కో గోపురం నుంచి ఒక్కో ముక్క తీస్తూ పోవాలి. రాజు పడిన గోపురం నుంచి ఇక జవాబు రాదు. మిగిలినవాళ్ళు మాత్రం రాస్తూనే ఉంటారు. దీన్ని ఆడే ముందు నాలుగు చోట్లకూ వెళ్ళి చూసి రండి. లాల్‌బాగ్ గోపురం దగ్గర నిలబడి చుట్టూ చూస్తే ఒకప్పుడు ఊరి పొలిమేర అనుకున్న చోటు ఇప్పుడు నగరం నడుమ ఎలా మునిగిపోయిందో తెలుస్తుంది. అది చూశాక మొదటి ఉత్తరం రాయడం కష్టం కాదు.

కొత్త పట్టికను నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి, పెన్సిల్‌తో. ఆడుతున్నప్పుడు ఒక్కో ముక్కకు ఇంకా మంచి ప్రశ్న తడుతుంది. అప్పటికప్పుడు మార్చేయకుండా పక్కన రాసి పెట్టుకుని, తర్వాతి ఆటకు మార్చుకోండి.